చక్రంలో నలక

నా చిన్నప్పుడు కలకత్తాలో వానాకాలం అంటే మా ఇంట్లోకి నీళ్ళు వచ్చే కాలం. ఖిదిర్‌పూర్‌లో రేవు పనివాళ్ళ ఇళ్ళన్నీ పల్లంలో ఉండేవి. కాసేపు గట్టిగా కురిస్తే చాలు, కాలవా రోడ్డూ మా గుమ్మమూ ఒకే మట్టానికి వచ్చేసేవి. మంచం మీద కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేస్తే, నీళ్ళ అడుగున నా పాదాలు ఇంకెవరివో అన్నట్టు కనిపించేవి. పెద్దవాళ్ళు బియ్యం డబ్బాలు అటకెక్కిస్తూ వానను తిట్టుకునేవాళ్ళు. నాకు మాత్రం ఇల్లంతా మెల్లగా ఎక్కడికో బయల్దేరుతున్నట్టు ఉండేది. ఇప్పటికీ వాన మొదలైతే నాకు ముందు నిద్ర ముంచుకొస్తుంది, దిగులు తరవాత గుర్తొస్తుంది.

ఆ నీళ్ళలో రిక్షా రాదు, టాక్సీ రాదు. రాగలిగింది పక్కింటి బావ నడిపే లారీ ఒక్కటే. అది సైన్యం వాళ్ళు వాడి వదిలేసిన పాత బండి. మొద్దు ముక్కు, నా మెడ దాకా వచ్చే చక్రాలు. వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలను కూడా ఇంజనే తిప్పుతుంది కాబట్టి ఎంత బురదలోనైనా ఆగేది కాదు. ఒక కలప గోదాము వాళ్ళు రేవు నుంచి దుంగలు మోయించడానికి కొనుక్కున్నారు. పని లేనప్పుడు అది మా సందు మొదట్లో బళ్ళు బాగుచేసే మిస్త్రీ దాదా షెడ్డులో పడుకుని ఉండేది. ఆ దాదా బెంగాలీ ఆయన, మనిషి మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు.

మా తాతయ్య కూడా పగలంతా ఆ షెడ్డులోనే ఉండేవాడు. పడుచు వయసులో శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చి, రేవు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. సుత్తుల మోతల్లో ఆయన చెవులు సగం పోయాయి. చెవికి అందనివన్నీ వేళ్ళతో తెలుసుకునేవాడు. కిరసనాయిలు గుడ్డ పట్టుకుని ఒక ఇనుప ముక్కను తుడవడం మొదలుపెడితే, దాని మీద అన్నం పెట్టుకుని తినొచ్చు అనేవాళ్ళు. ఆ ఒక్క మాట వింటే చాలు, ఆయన నడక మారిపోయేది. మిగతా విషయాల్లో పెద్దగా గర్వం లేని మనిషి.

ఇక పక్కింటి అక్క, ఆ బావ భార్య. నాకు జడలు వేసిందీ, నా పేలు తీసిందీ, మా అమ్మ కొడితే వెనక దాచిందీ ఆవిడే. నేను చెప్పబోయేదానికి ముందటి ఏడాది వానల్లో ఆవిడకి నొప్పులొచ్చాయి. బావ లారీ వేసుకుని దూరంగా బడ్జ్ బడ్జ్ అనే ఊరు వెళ్ళి ఉన్నాడు. సందు నిండా నీళ్ళు. నీళ్ళు తీశాక గానీ ఆస్పత్రికి చేర్చలేకపోయారు, బిడ్డ దక్కలేదు. ఆ తరవాత అక్క చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండాయి, మళ్ళీ వానలు. ఈసారి సందు వదిలి దూరం పోనని బావ గోదాము వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించుకున్నాడు. ఇంక ఆయన ఆశంతా ఆ లారీ మీదే.

నీళ్ళల్లో తిరిగీ తిరిగీ లారీ ముందు చక్రాల బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోయింది. చక్రాలు మూలగడం మొదలుపెట్టాయి. బావ కొత్త బేరింగులు తెచ్చాడు. కుడి చక్రం పని పూర్తయింది. ఎడమ చక్రం మధ్యనుండే హబ్బు విప్పి, అందులోని పాత రింగులు కొట్టి తీసేసి, తాతయ్య దాన్ని అద్దంలా తుడిచి పెట్టేసరికి సాయంత్రమైంది. మర్నాడు విశ్వకర్మ పూజ.

ఆ రోజు కలకత్తాలో ఏ షెడ్డులోనూ పనిముట్టు ముట్టుకోరు. ఏడాదంతా చాకిరీ చేసిన సుత్తీ స్పానరూ ఆ ఒక్కరోజు దేవుడి ముందు విశ్రాంతి తీసుకుంటాయి. ఆకాశం నిండా గాలిపటాలు. మేడల మీంచి పిల్లల కేకలు ఎక్కడో నీటి అడుగు నుంచి వస్తున్నట్టు వినపడేవి. మిస్త్రీ దాదా పనిముట్లన్నీ విగ్రహం ముందు వరసగా పేర్చాడు. వాటి పక్కనే విప్పిన హబ్బు, పళ్ళెంలో కొత్త బేరింగులు. బెంగాలీ పంతులు తన పూజ ముగించి వెళ్ళాక మన ఆడవాళ్ళు మన పద్ధతిలో పసుపూ కుంకుమా పెట్టారు. అక్క నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా వచ్చింది. హబ్బుకి పసుపు రాసి, గుప్పెడు అక్షింతలు దాని మీద పోసి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఆవిడ ఏం మొక్కుకుందో అడగక్కర్లేదు. నేను ఆవిడ కొంగు పట్టుకుని పైకి, గాలిపటాల వైపు చూస్తూ ఉన్నాను.

మర్నాడు బావా మిస్త్రీ దాదా కలిసి చక్రం బిగించారు. ఆనాటి నుంచే గొడవ. కుడి చక్రం చక్కగా తిరుగుతోంది, ఎడమది మాత్రం ఊగుతోంది. నట్టు బిగిస్తే ఊపు పోతుంది, రెండు వీధులు తిరిగొచ్చేసరికి హబ్బు పెనంలా కాలుతుంది. చల్లారాక చూస్తే మళ్ళీ వదులు. బావ రోజూ అన్నం తినకుండా వచ్చి దాన్ని బిగించేవాడు. ఆయన ముఖం చూస్తే నాకు భయం వేసేది.

కుళాయి దగ్గర మాటలు మొదలయ్యాయి. ఆ హబ్బుకి పసుపు రాసింది ఎవరు అని ఒకావిడ అడిగింది. బిడ్డను పోగొట్టుకున్న చేత్తో రాయించారు, ఇంకెలా తిరుగుతుంది అని ఇంకో ఆవిడ అంది. అక్క బిందెతో వెనకే నిలబడి ఉంది. బిందె నింపుకోకుండానే ఇంట్లోకి వెళ్ళిపోయింది. తరవాత ఆవిడ నీళ్ళకి రాలేదు, మా అమ్మే పట్టి ఇచ్చేది. నాకు జడ వెయ్యమని వెళితే, నా చెయ్యి వద్దులే, మీ అమ్మ చేత వేయించుకో అంది. ఆ మాటకి నేను గుమ్మంలోనే ఏడ్చాను.

ఒక మధ్యాహ్నం బావ తాతయ్య ముందుకొచ్చి చతికిలబడ్డాడు.

"ఎంత టైట్ సేసినా ఊగుతున్నాది తాతా. నీళ్ళ మద్దెలో జామ్ అయిపోతే నానేటి సెయ్యాలి?"

"బిగింపు సాలక కాదు నాయినా," అన్నాడు తాతయ్య. "లోన ఏదో సరిగ్గా కూకోలేదు. కూకోనిదాన్ని ఎంత బిగిస్తే ఏటి?"

జాకీ మీద చక్రాన్ని పైకి లేపారు. తాతయ్య దాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. చెయ్యి తడి చేసుకుని హబ్బు మీద పెట్టాడు. తరవాత నన్ను పిలిచాడు. "ఒలే గుంటా, నా సెవులకి అందదు. నువ్వు ఇని సెప్పు." పొడుగాటి స్క్రూడ్రైవరు మొన హబ్బుకి ఆనించి, కర్రపిడి నా చెవికి ఆనించాడు. బావ చక్రాన్ని మెల్లగా తిప్పాడు.

ఆ చప్పుడు నేనెన్నటికీ మరిచిపోలేను. బయట ఏమీ లేదు, లోపల మాత్రం పెద్ద హోరు. మా అమ్మ చెప్పే మా ఊరి సముద్రం, నేను అప్పటికి చూడని సముద్రం, ఇలాగే ఉంటుందనుకున్నాను. వింటూ వింటూ నా కళ్ళు మూతపడ్డాయి. ఆ హోరులో ఒక్కచోట మాత్రం, ప్రతి చుట్టులోనూ, ఏదో తడబడుతోంది. అక్కడ, అక్కడ, అని నేను చెబుతుంటే తాతయ్య వేలితో నా మోచెయ్యి మీద తాళం వేసి చూసుకున్నాడు.

హబ్బు విప్పించాడు. బేరింగుకి బయట ఒక ఇనుప రింగు ఉంటుంది. దాన్ని హబ్బు లోపల అంచుకి ఆనేదాకా కొట్టి కూర్చోబెట్టాలి. తాతయ్య ఆ రింగు చుట్టూ గోరు నడిపించాడు. ఒకవైపు గోరు దిగింది. అంటే ఆ వైపు రింగు అంచుకి ఆనలేదు. తాతయ్య తల ఎత్తకుండానే, ఈ సెట్టు పాడైపోనాది, ఎల్లి ఇంకోటి పట్రా అని బావని పంపేశాడు. బావ బస్సు కోసం పరుగెత్తాడు. మిస్త్రీ దాదా భోజనానికి వెళ్ళి ఉన్నాడు. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం, బయట మబ్బు కమ్ముతోంది.

తాతయ్య ఇత్తడి కడ్డీ పెట్టి వెనక నుంచి మెల్లగా కొట్టాడు. రింగు ఊడి వచ్చింది. అది ఆనుకునే అంచు మీద నల్లటి గ్రీజులో పచ్చగా ఏదో అతుక్కుని ఉంది. నలిగి పలచగా అయిపోయిన బియ్యపు గింజ. అక్షింత. రింగు ఒకవైపు దాని మీద ఎక్కి కూర్చుంది. నట్టు బిగించినప్పుడల్లా గింజ ఇంకాస్త నలగడం, చక్రం మళ్ళీ వదులవడం. ఇదంతా ఆయన నాకు అప్పుడే, మామూలుగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. చెప్పి ఆగి, అక్క వాళ్ళ తలుపు వైపు చూశాడు. పట్టపగలే ఆ తలుపు వేసి ఉంది.

ఆయన ఆ గింజను గోటితో గీకి తీశాడు. పారేస్తాడనుకున్నాను. కళ్ళకద్దుకుని, నా నెత్తి మీద పెట్టాడు, గ్రీజుతో సహా. అక్షింతలకి చోటు అదే కదా. "ఎవులికీ సెప్పకు," అన్నాడు. ఆయన వేలు నా మాడు మీద అలా కాసేపు ఉండిపోయింది. అప్పుడే మొదటి చినుకులు రేకుల మీద పడ్డాయి.

బావ తడిసి ముద్దై కొత్త సెట్టుతో వచ్చాడు. మిస్త్రీ దాదా కూడా వచ్చాడు. లోన ఏటుండీది తాతా అని బావ అడిగాడు.

"నలక నాయినా, ఇనప నలక. ఆ రోజు తుడిసినది నానే కదా. కళ్ళు ఆనలేదు."

నేను నోరు తెరిచాను. తాతయ్య నా వైపు చూశాడు. నేను నోరు మూసుకున్నాను. మిస్త్రీ దాదా మాత్రం మూసుకోలేదు. "దాదూర్ చోఖ్ గేఛే!" అని పకపకా నవ్వాడు. తాతకి కళ్ళు పోయాయన్న ఆ మాట పొద్దు గూకేలోగా సందంతా పాకింది. తాతయ్య మాత్రం వంచిన తల ఎత్తకుండా కొత్త రింగును చుట్టూ సమంగా కొట్టుకుంటూ కూర్చోబెట్టాడు. చక్రం తిప్పుతూ నట్టు బిగించాడు, బిగించి మళ్ళీ కాస్త వెనక్కి వదిలాడు. చక్రం గాలికి తిరిగినట్టు తిరిగింది.

మర్నాడు అక్క బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వచ్చింది. ఎన్నాళ్ళకో నవ్వింది. "కళ్ళజోడు కొనుక్కో తాతా, నా పసుపుని ఎన్ని మాటలన్నారో సూసినావా," అని తాతయ్యని ఆటపట్టించింది. కుళాయి దగ్గరి ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఆయనా నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి, ఎందుకలా చెప్పావు, నువ్వు బాగానే తుడిచావు కదా అని ఆయనతో పోట్లాడాను.

"నాకు ఆ సెడ్డులో ఇంకెన్నాళ్ళ పనే?" అన్నాడు. "ఆ పిల్ల ఈ సందులో బతుకంతా ఉండాల."

వారం తిరక్కుండానే పెద్ద వాన పట్టుకుంది. మధ్యాహ్నం అక్కకి నొప్పులొచ్చాయి. సందు నిండా నీళ్ళు, నీళ్ళ నిండా ఆకాశం. లారీ మా గుమ్మం దాకా వచ్చింది. అక్కని పరుపు మీద పడుకోబెట్టి పైకెక్కించారు, మా అమ్మ గొడుగు పట్టుకుని పక్కన కూర్చుంది. నేను మంచం మీద నిలబడి కిటికీలోంచి చూస్తున్నాను. చక్రాలు సగం నీళ్ళలో మునిగాయి. లారీ రోడ్డు మీద పోతున్నట్టే లేదు, చాలా నెమ్మదిగా తేలుతూ పోతోంది. అది కదిలిన చోట నుంచి చిన్న అల ఒకటి వచ్చి మా మంచం కోళ్ళని తాకింది. తాతయ్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, వినపడని చెవి అటు తిప్పి, లారీ మలుపు తిరిగేదాకా కదల్లేదు. రానూ పోనూ చక్రం ఊగలేదు. అక్కకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం అని బావ తిరిగొచ్చి చెబితే, తాతయ్య ఆయన నోటికేసి చూస్తూ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఆ తరవాత షెడ్డులో తాతయ్యని ఎవరూ ఇనుము ముట్టుకోనివ్వలేదు. కూర్చో దాదూ, చాయ్ తాగు అనేవాళ్ళు. ఆయన కూర్చునేవాడు, చాయ్ తాగేవాడు. ఒక్కోసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకునేవాడు. పోయేదాకా అంతే. 

అక్క కూతురు ఇప్పుడు కలకత్తా శివార్లలోని న్యూ టౌన్‌లో పెద్ద ఉద్యోగం చేస్తోంది, అక్క అక్కడే ఉంటుంది. ఆవిడకి చదువు రాదు, పిల్లకి తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. అందుకే ఇది ధైర్యంగా తెలుగులో రాస్తున్నాను. మొన్న చూడబోయినప్పుడు పాత సంగతులన్నీ తవ్వుకుంటూ అక్క ఉన్నట్టుండి అడిగింది, ఆ నాడు సక్రంలో ఏటుండీదే, నీకు గురుతుందా అని.

"ఇనప నలక అక్కా. తాత సరిగ్గా తుడవలేదు," అన్నాను.

ఆవిడ తల ఊపి, పాపం ముసలాయన అని నవ్వింది. నేనూ నవ్వాను. తాతయ్య మీద ఆ మాట అన్న ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది. మళ్ళీ ఎవరడిగినా అదే చెబుతాను.