ఏనుగు కాలికి దిష్టిచుక్క

ఆ సినిమాకి నేను రానంటే రానన్నాను. ఆదివారం పూట దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం వదిలేసి సినిమాకి పోయేవాడికి బుర్ర లేదనేది నా గట్టి అభిప్రాయం. అందులోనూ జపాన్ వాళ్ల బొమ్మల సినిమా! పదో తరగతి పరీక్షలు రాసి ఊపిరి పీల్చుకుంటున్న నా కూతురు మూతి ముడుచుకుంది.

"ఒక్కటంటే ఒక్క సినిమా అడిగిన నాన్నా. గది గూడ చూపియ్యవా?"

మా ఆవిడ మధ్యలో దూరింది. "ఒక్క పూట నేను చూసుకుంటే దుకాణం ఏం మునిగిపోతది? పొండ్రి." అంతటితో ఆగితే బాగుండేది. మా అమ్మ కూడా కొంగు సర్దుకుని లేచింది. "ఇంట్ల ఒక్కదాన్ని కూసొని ఏం జేస్తా, నేను గూడ ఒస్తా" అంది. తెలుగు అక్షరాలే కూడబలుక్కుని చదివే మనిషి, జపాన్ మాటలూ ఇంగ్లీషు అక్షరాలూ ఉన్న సినిమాకి! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నా చిరాకుకి అసలు కారణం వేరే ఉంది. చేనేత నేర్పే కాలేజీ ఒకటి సరూర్‌నగర్‌లో పాత పోచంపల్లి చీరల ప్రదర్శన పెడుతోంది. దానికి మా ఇంటి చీరలు కూడా ఎంచుకున్నారు. చీర పక్కన నేసినవాళ్ల పేరుతో ఒక కార్డు పెడతారు. అదే కార్డు ప్రదర్శన పుస్తకంలో అచ్చవుతుంది. పుస్తకంలోకి ఎక్కిన పేరు ఇక చెరగదు. సోమవారం కాలేజీ మేడం అల్మాస్‌గూడలోని మా ఇంటికి వచ్చి ఆ పేరు ఖాయం చేసుకుని వెళుతుంది. ఆ కార్డు మీద ఏం రాయాలో మూడు రోజులుగా కొట్టేసి రాస్తూ, రాసి కొట్టేస్తూ ఉన్నాను. పైన పెద్దక్షరాల్లో మా నాన్న పేరు. కింద చుక్క గురించి నాలుగు ముక్కలు.

ఆ చుక్క సంగతి చెప్పాలి. మా ఇంట్లో నేసిన చీరల కొంగు మీద ఏనుగులు వరసగా నడుస్తుంటాయి. తెల్లటి ఏనుగులు. చిట్టచివరి ఏనుగు ముందుకాలి మీద మాత్రం గింజంత నల్లచుక్క ఉంటుంది. నాన్న పోయి నాలుగేళ్లు. ఆయన నేసిన రెండు చీరలు దుకాణంలో అద్దాల బీరువాలో పెట్టాను. అవి అమ్మకానికి కాదు, నమ్మకానికి. బేరానికి వచ్చినవాళ్లు అనుమానంగా చూస్తే చాలు, బీరువా తెరిచి నా ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ని.

"ఈ చుక్క చూడండమ్మా. ఇది మా నాన్న సంతకం. మిల్లుల వాళ్లు ఏనుగును దించుతరు గానీ ఈ చుక్కను దించలేరు."

పదేళ్లుగా ఇదే పాట. నాన్న బతికి ఉన్నప్పుడూ పాడాను, పోయాకా పాడాను. చాలాసార్లు అమ్మ వెనకాల స్టూలు మీద కూర్చుని, విప్పిన చీరలు మడతపెడుతూ ఉండేది. ఒక్కనాడూ నోరు మెదపలేదు. మొగుడి గొప్ప విని మురిసిపోతోంది కాబోలనుకున్నాను.

సరే, ఎల్‌బీ నగర్‌లోని మాల్‌కి ముగ్గురం వెళ్లాం. ఎస్కలేటర్ ముందు అమ్మ ఆగిపోయింది, లిఫ్టు వెతుక్కునేసరికి సినిమా మొదలైపోయింది. మంచు కురిసే ఊరు. అక్కడ పేరుమోసిన ముసలి నేతగాడు చచ్చిపోతాడు. ఆయన నేసిన ఆఖరి బట్ట మాయమవుతుంది. దొంగను పట్టుకోవడానికి కళ్లద్దాల పిల్ల ఒకతె పట్నం నుంచి దిగుతుంది. కొడుకులున్నారు, వ్యాపారి ఉన్నాడు, అలిగి వెళ్లిపోయిన శిష్యుడున్నాడు. అందరి మీదా అనుమానమే. ఆ ఇంట్లో పనిమనిషి కూడా ఉంది. ముసలామె. టీ తెచ్చి పెడుతుంది, కుంపట్లో బొగ్గులు ఎగదోస్తుంది, మూటలు కడుతుంది. సగం బొమ్మల్లో ఆమె తెర అంచున ఉండి, ఒక చెయ్యి మాత్రమే కనిపిస్తుంది.

నా కూతురు కాసేపు నానమ్మ చెవిలో కథ చెప్పింది, తర్వాత తన సినిమాలో తాను పడిపోయింది. అమ్మకి మాటలు తెలియవు, అక్షరాలు తెలియవు. నిద్రపోతుందనుకున్నాను. తొంగిచూస్తే ముందుకు వంగి, కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది.

కళ్లద్దాల పిల్ల అందరినీ ప్రశ్నించి, చివరికి ఏదో మర్యాదకి పనిమనిషిని కూడా అడిగింది. ఆమె తల వంచుకుని నాలుగు మాటలు చెప్పి, పక్కనున్న మూటకి దారం చుట్టి ముడి వేసింది.

"ఏమన్నదే?" అని అమ్మ మనవరాల్ని పొడిచింది.

"నేనేం చెయ్యలే, ఉట్టిగ పక్కన ఉన్న అంటుంది నానమ్మా."

"అబద్ధం!"

హాల్లో సగంమంది మా వైపు తిరిగారు. అమ్మ ఆగలేదు. "గా బట్టకు చిటికి కట్టింది గీమెనే. డిజైన్ మొత్తం గీమెదే."

ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, జర మెల్లగ. సస్పెన్స్ సినిమా" అన్నాడు. నా పరువు గంగలో కలిసింది. నా కూతురు నానమ్మ చెయ్యి పట్టుకుని, "ఊకో నానమ్మా, ఆమె సైడ్ క్యారెక్టరే. ఆమెకు ఏం ఉండదు" అని గుసగుసలాడింది.

"నీకేం తెలుసే" అని అమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఆ తర్వాత గంటసేపు కొడుకులూ వ్యాపారీ శిష్యుడూ ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటుంటే, ఆ గోలంతా తనకు అక్కర్లేనట్టు పాప్‌కార్న్ నమిలింది. ఆఖరికి ఆ కళ్లద్దాల పిల్ల అదే తేల్చింది. నేతగాడి బట్టల మీద పువ్వులన్నీ పనిమనిషి కట్టినవే. ఆఖరి బట్టను ఆమె దొంగిలించలేదు, తనది తాను తీసుకుంది. హాల్లో జనం ఆశ్చర్యపోయారు. మా ముందాయన వెనక్కి తిరిగి అమ్మకి దండం పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో ఆటో సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. నా కూతురికి మాత్రం ఆగడం లేదు.

"ఎట్ల కనుక్కున్నవ్ నానమ్మా?"

"చేతులు చూసిన. ముడి ఏసేటప్పుడు కొసను పండ్ల కింద పట్టింది, బొటనేలితోని అదిమింది. చూడకుంటనే తెంపింది. టీ పోసేటోళ్లకు గా అలవాటు ఎందుకుంటది? బొటనేలికి కాయ గూడ గాసి ఉంది. బొమ్మ గీసినోళ్లు చూసిండ్రు, మీరు చూడలే."

మా అమ్మ నలభై ఏళ్లు చిటికి కట్టింది. నూలును చట్రానికి బిగించి, రంగు ఎక్కకూడదనుకున్న చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలతో గట్టిగా ముడులు వేయడమే చిటికి. ముడి ఉన్నచోట నూలు తెల్లగా మిగిలిపోతుంది. ఏనుగైనా చిలకైనా ముందు ఆ ముడుల్లోనే పుడుతుంది. మగ్గం మీదికి వచ్చేసరికి బొమ్మ నూలులో సిద్ధంగా ఉంటుంది, దాన్ని చెదరకుండా నేయాలి. ఇదంతా నాకు తెలియనిదా? తెలిసీ నోట్లోంచి ఒక్కనాడు రాలేదు. మా వాడకట్టులో మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడు. చిటికి కట్టేది, ఆసు మీద నూలు పోసేది, కండెలకు దారం చుట్టేది ఇంటి ఆడవాళ్లు. ఎవరైనా వచ్చి మీరేం చేస్తారమ్మా అంటే, "ఏం లేదు, ఉట్టిగనే ఉంట" అంటారు.

నా కూతురు నానమ్మ బొటనవేలు పట్టుకుని తిప్పి చూసింది. "నీకు గూడ కాయ ఉంది నానమ్మా. అయితే ఏనుగులు నీవేనా? మరి గా కాలు మీది చుక్క?"

అమ్మ నవ్వింది. "గది దిష్టిచుక్కనే పిచ్చిదానా. మీ నాయిన నెలల పిల్లగాడు. ఉయ్యాల్ల ఏసి, అరికాలికి కాటుక పెట్టి, ఒచ్చి చిటికి కట్ట కూసున్న. ఏనుగుల వరస అయిపోయింది. తెల్లగ, ముద్దుగ ఉన్నై. నా కొడుక్కు పెట్టి వీటికి పెట్టకపోతే ఎట్ల అనిపిచ్చింది. ఆఖరుదాని కాలు మీద ఒక్క ముడి ఇడిసిపెట్టిన. ఆడ రంగెక్కి నల్లగైంది."

"తాత ఏమనలేదా?"

"తప్పు కట్టినవని ఇల్లు పీకి పందిరేసిండు. సంగతి చెప్పినంక ఊకున్నడు. ఆ తర్వాత ఆయననే అడిగెటోడు, చుక్క పెట్టినవా అని."

ఆటోలో నా ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియక అమ్మ మీదే అరిచాను. "పదేండ్ల సంది దుకాణంల నాన్న సంతకం, నాన్న సంతకం అని మొత్తుకుంటున్న. పక్కనే కూసుంటివి. ఒక్క మాట చెప్పొద్దా?"

"నీ బేరం చెడగొట్టాల్నా? అయినా నన్నెవరడిగిండ్రురా?"

నాన్న ఎప్పుడూ అది తన సంతకం అనలేదు. చిన్నప్పుడు నేను అడిగితే "మనింటి చుక్క" అన్నాడు, అంతే. సంతకం చేయించింది నేను, ఆయన చేత. బట్ట అంచు వేళ్ల మధ్య నలిపి ఇది మగ్గానిదా మిల్లుదా చెప్పగలనని కాలర్ ఎగరేసేవాణ్ని. నాకు ముద్దలు పెట్టిన చేతికి కాయ ఉందని జపాన్ బొమ్మ చూస్తే గానీ తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ చుక్క నా అరికాలిదని తలుచుకుంటే కళ్లు చెమర్చాయి. హారన్ల మధ్య ఎవరూ చూడలేదు.

ఇంటికి రాగానే కార్డు చింపి కొత్తది రాయబోయాను. అమ్మ రాయనివ్వలేదు. "గిదేం పంచాయితిరా? పోయినోళ్ల పేరు మీద నా పేరు పెడితే నలుగురు నవ్వుతరు. ఉన్నట్టే ఉంచు" అని ఒట్టు వేయించుకుంది. ఆమె ఒట్టు అంటే నాకు భయం. చింపిన ముక్కలు ముందేసుకుని పాతదే తిరగరాశాను.

సోమవారం మేడం వచ్చింది. గుంటూరు వైపు ఆవిడ, మాట మెత్తన. చీరలన్నీ మంచం మీద పరిపించి ఫొటోలు తీసుకుంది. నా కార్డు చదివి, బాగుందని తల ఊపి, ఫైల్లో పెట్టుకోబోతూ అమ్మ వైపు తిరిగింది.

"మరి మీరేం చేసేవారండి అమ్మా?"

చెప్పవే తల్లీ అని మనసులో మొక్కుకున్నాను. అమ్మ తల వంచుకుంది.

"నేనేం జేసిన బిడ్డా. ఉట్టిగ పక్కన కూసున్న."

"అబద్ధం!" అంది నా కూతురు. నానమ్మ హాల్లో అన్నట్టే, అదే గొంతుతో.

మేడం తెల్లబోయింది. నేను ఒట్టేసి ఉన్నాను, నోరు విప్పడానికి లేదు. చేతులకి ఒట్టు లేదు కదా! అటక మీది నుంచి పాత చట్రం దించి దుమ్ము దులిపాను. నూలు బిగించి, డబ్బాలో మిగిలిన రబ్బరు పట్టీలు అమ్మ ఒళ్లో పోశాను. "ఏందిరా గిది, పిచ్చి లేసిందా" అని తిట్టింది. తిడుతూనే ఒక పట్టీ తీసుకుంది. కొసను పళ్ల కింద పట్టింది, బొటనవేలితో అదిమింది. ఒక ముడి, పక్కన ఇంకోటి. గీత గీసుకోలేదు, లెక్క చూసుకోలేదు. కాసేపటికి నూలు మీద ఏనుగు వీపు వంపు తెలిసింది. కాలు దగ్గరికి వచ్చేసరికి ఒక్క చోటు వదిలేసి ముందుకు పోయింది.

మేడం నేల మీద అమ్మ పక్కనే చతికిలబడింది. "అమ్మా, ఈ చుక్క మీదా?" అని మాత్రం అడగగలిగింది. అమ్మ ముడులు వేస్తూనే ఉంది. మేడం ఫైల్లోంచి నా కార్డు తీసి, పెన్ను మూత విప్పి, అమ్మ పేరు అడిగింది.

అమ్మ ఇంకో పట్టీ తీసుకుని సగం చుట్టింది. తర్వాత, "ఆయన పేరు తీసెయ్యకుండ్రి. కింద నాది చిన్నగ రాయుండ్రి, సాలు" అంది.

మేడం పెన్ను కాగితానికి ఆనించింది. అమ్మ చేతిలోని సగం ముడిని చూసుకుంది, ఒకప్పుడు మగ్గం ఉన్న ముందు గదిని చూసింది. ఏమనుకుందో, మేడం మణికట్టు పట్టుకుని ఆపేసింది.

"ఆగు బిడ్డా. కింద గాదు, ముందుగాల నాదే రాయి. కట్టినంకనే గదా, నేసేది."