రన్‌వే మీద నువ్వులు

మా ఊరి రన్‌వే మీద విమానం దిగగా చూసినవాళ్ళెవరూ నాకు తగల్లేదు. యుద్ధకాలంలో దొరలు వేశారని అంటారు. నాలుగు విమానాలు దిగాయని ఒకరంటే నలభై దిగాయని ఇంకొకరు. చెప్పేవాళ్ళ వయసును బట్టి లెక్క పెరిగేది. నాకు తెలివొచ్చేనాటికి అక్కడ దిగేవి కాకులు, ఎండేవి నువ్వులు. శృంగవరపుకోట కొండలు కనిపించే ఆ సిమెంటు పట్టీని ఊరంతా రన్‌వే అంటే మా నాన్న మాత్రం కళ్లం అనేవాడు.

నేను ఇంటర్లో చేరిన ఏడాది, వాయుసేనలో మెకానిక్‌గా చేసి రిటైరైన మాస్టారొకరు కాలేజీ పిల్లలతో చిన్న నమూనా విమానాల సంఘం పెట్టారు. ఇప్పుడు దాన్ని నేనే నడుపుతున్నాను కాబట్టి గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, అప్పట్లో మా అసలు పని ఎగరేయడం కాదు, ఆదివారం పొద్దున్నే రైతుల్ని బతిమాలి నువ్వులు ఆరబోసిన బరకాలు ఎత్తించడం. అందరికన్నా మొండివాడు మా నాన్న. అడిగేది నేనైతే ఇంకా బిగుసుకునేవాడు. ఆదివారాలు నువ్వులు తిరగెయ్యడానికి నేను రావడం లేదన్నది ఆయన కోపం. చివరికి షరతు పెట్టాడు.

"వొచ్చే ఆదివారం నీ ఇమానం ఎగిరితే ఆ సంఘంలో ఉండు. నేదంటే కళ్లానికొచ్చీ."

సరేనన్నాను. నాకు పౌరుషం ఎక్కువ. పైగా సంఘంలోని మేం ముగ్గురు ఆడపిల్లలం కలిసి తేలిక చెక్కతో చేసిన గ్లైడర్ అంతకుముందు వారమే చక్కగా ఎగిరింది. ఇంజను లేదు, దారం కట్టి పరిగెడితే గాలిపటంలా లేచి, దారం జారిపోయాక తనంతట తానే తేలాలి. ఆ ధీమాతో శనివారం సాయంత్రం అలంకారం మొదలుపెట్టాం. ఎడ్ల కొమ్ములకు వేసే ఎర్రరంగు డబ్బా అటక మీంచి అడక్కుండా దించాను. చూసేవాళ్ళ కళ్ళు తోక మీదే పడతాయని మాకు మేమే తేల్చుకుని, తోకకు మూడు పూతలు పూశాం.

ఆదివారం గ్లైడర్ ముక్కెత్తి, కాసేపు ఆలోచించి, తోక మీద కూలబడింది. రెండోసారీ అంతే. మాస్టారు రన్‌వే ఆ కొసన మగపిల్లల విమానంతో కుస్తీ పడుతున్నారు. నాన్న బరకం అంచున కూర్చుని చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఇక ప్రతి ఆదివారం ఆ నువ్వులే నా గతి అనుకున్నాను.

ఊరుకుంటే ఆయనే గెలిచేవాడు. ఊరుకోలేదు. లేచి వచ్చి గ్లైడర్‌ని రెక్కల కింద రెండు వేళ్ళ మీద నిలబెట్టాడు. ఏళ్ళ తరబడి కావిడి మోసిన మనిషి.

"ఎనక్కి ఒరిగిపోతన్నాది," అన్నాడు. తోకని గోటితో గీకి చూశాడు. "నా ఎడ్ల రంగంతా దీనికే పోసీసినారేటి?"

ముగ్గురం తలలు దించుకున్నాం. ఆయన తువ్వాలు కొస చింపి, అందులో గుప్పెడు నువ్వులు పోసి, ముక్కు మీద పెట్టి చూశాడు. కొన్ని తీశాడు. మళ్ళీ చిటికెడు వేశాడు. గ్లైడర్ వేళ్ళ మీద కదలకుండా నిలిచాక, మూట బిగించి ముక్కుకి కట్టి నా చేతికిచ్చాడు.

పరిగెట్టాను. గ్లైడర్ లేచింది. దారం వదిలించుకుని, మా తలల మీద రెండు చుట్లు తిరిగి, వెళ్ళి వెళ్ళి నాన్న నువ్వుల మీదే దిగింది. గింజలు చెల్లాచెదురయ్యాయి. తిడతాడనుకున్నాను. ఆయన వాటిని చేత్తో దగ్గరికి లాక్కున్నాడు. మాస్టారు పరిగెత్తుకొచ్చి, బరువు ఎవరు సరిచేశారని అడిగారు. మా నాన్న అని చెప్పేటప్పుడు నాకు చాలా గర్వమేసింది.

మరుసటి ఆదివారం బతిమాలడానికి మాటలు కూడబెట్టుకుని వెళ్ళాను. అవి అక్కర్లేకపోయాయి. రన్‌వేలో మా నాన్న ఆక్రమించే భాగం సగానికి సగం ఊడ్చి ఉంది. నువ్వులన్నీ మిగతా సగంలో, ఎప్పటికన్నా మందంగా పోసి ఉన్నాయి. అంత మందంగా పోస్తే ఎండడానికి రెట్టింపు రోజులు పడతాయని రైతు కూతురికి ఒకరు చెప్పక్కర్లేదు.

గ్లైడర్ పక్కన పెట్టి, ముందు ఆ నువ్వులు తిరగేశాను.