మైకు సెట్టు షాపులో శుక్రవారాలు

ములకలూరు కాలేషా బావుల్లో రాయి పేల్చేవాడు. పల్నాట్లో బావి తవ్వడమంటే రెండు నిలువుల లోతు దాకానే మట్టిపని. ఆ తర్వాత గునపం ఖంగుమంటుంది. అప్పుడు కాలేషాకి కబురొచ్చేది. రాయికి బెజ్జం కొట్టి, మందు కూరి, వత్తి ముట్టించి, మోకు పట్టుకుని పైకొచ్చేవాడు. కూలీలంతా చెవులు మూసుకుని దూరంగా పోతే తను మాత్రం గట్టుమీదే నిలబడి వినేవాడు. రాయి పూర్తిగా విరిగిందో, లోపల ఇంకా మందు మిగిలుందో చప్పుణ్ణిబట్టే తెలుసుకోవాలి మరి. అట్లా ఇరవై ఏళ్లు విన్నాడు.

నలభై దాటేసరికి చెవులు మందగించినై. ముందు పిట్టలు పోయినై. తర్వాత మసీదులో అజా పోయింది. ఆఖరికి ఇంట్లో ముంతాజ్ మాట పోయింది. ఆమె చెవి దగ్గరకొచ్చి అరిస్తేనే అందేది. భార్య అరుపు తప్ప ఆమె మాట ఎట్లా ఉంటుందో అతనికి మరపుకొచ్చింది.

అన్నిటికన్నా సన్నాయి పోవడం అతన్ని ఎక్కువ బాధపెట్టింది. వాళ్ల నాయన మస్తాను పేరున్న సన్నాయి విద్వాంసుడు. దూదేకుల ఇళ్లల్లో ఆ విద్య కొత్తది కాదు. అన్నలిద్దరికీ అది పట్టుబడింది. కాలేషాకి ఊపిరి నిలవక వాయించడం రాలేదు గాని, వినడం మాత్రం బాగా వచ్చింది. ఎక్కడ పెళ్లయినా మేళం పక్కన చేరేవాడు. చెవులు పోయాక కూడా పోయి నిలబడేవాడు. అన్న బుగ్గలు ఉబ్బడం, వేళ్లు లేవడం కనపడేది. అంతే.

పంతొమ్మిదొందల అరవై మూడులో ఒక శుక్రవారం, నరసరావుపేటలో నమాజు చేసుకుని వీరాంజనేయులు షాపుకి పోయాడు. అన్న కొడుకు పెళ్లికి మైకు సెట్టు మాట్లాడమన్నారు. వీరాంజనేయులు మిలటరీలో సిగ్నల్సులో పనిచేసి వచ్చినవాడు. పెళ్లి ఏ తారీకని మూడుసార్లు అరిచి అడిగాడు. కాలేషా మూడుసార్లూ ఊరిపేరే చెప్పాడు. వీరాంజనేయులుకి విసుగొచ్చి, సెట్టు పరీక్షకి వాడుకునే హెడ్‌ఫోన్ తీసి కాలేషా తలకి తగిలించి, మీట తిప్పి, మైకులో మెల్లిగా అడిగాడు.

"తారీకు ఎంత, కాలేషా?"

కాలేషా గభాల్న వెనక్కి తిరిగి చూశాడు. ఎవరో వెనకనించి మాట్లాడారనుకున్నాడు. మాటకి మాట విడివిడిగా, పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడింది. తారీకు చెప్పాడు. చెప్పి, ఇంకోమాట మాట్లాడమన్నాడు. అతని ముఖం చూసి వీరాంజనేయులుకి సంగతి అర్థమైంది. మాటకి బదులు గ్రామఫోనుమీద సన్నాయి ప్లేటొకటి పెట్టి ముల్లు దించాడు.

ఆ పాట బయటినించి వచ్చినట్టు లేదు, కాలేషా తలలోనే పుట్టినట్టుంది. డోలు ఎక్కడో అడుగున, సన్నాయి నడినెత్తిన. విద్వాంసుడు గాలి పీల్చుకునే చప్పుడు కూడా తెలిసింది. చెవులు బాగున్న రోజుల్లో సైతం అట్లా వినలేదు. అప్పుడంతా పిల్లల గోల, భోజనాల బంతుల దగ్గర కేకలు, వాటి సందున సన్నాయి. ఇప్పుడు ఇంకేమీ లేదు. బజార్లో జట్కాలు చప్పుడు లేకుండా పోతున్నాయి. ఎవరో గుమ్మంలోకొచ్చి వీరాంజనేయుల్ని ఏందో అడుగుతున్నాడు. కాలేషాకి వాళ్లతో పనిలేదు. ప్లేటు అయిపోయాక కూడా చేతులు రెండూ ఆ హెడ్‌ఫోన్ డిప్పలమీదే పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పణ్ణించి ప్రతి శుక్రవారం వచ్చేవాడు. సెట్టు ఏ పెళ్లికో పోయి ఉంటే ఖాళీ బల్ల చూసి తిరిగి పోయేవాడు. ఉంటే రెండు ప్లేట్లు విని, షాపు ముందర ఊడ్చి మరీ పోయేవాడు. మిగతా ఆరు రోజులూ బావిలో దిగినా, అన్నం తింటున్నా ఆ పాటే లోపల తిప్పుకునేవాడు. బుధవారానికి సగం చెదిరిపోయేది. గురువారం ఎంత వెతుక్కున్నా దొరికేది కాదు.

ఏడాది తర్వాత అతనికొక కోరిక పుట్టింది. ముంతాజ్ కాపరానికొచ్చిన కొత్తలో మిరపకాయలు ముచ్చికలు తీసేటప్పుడు సన్నగా పాడుకునేది. అది వినాలి. ఆమె ససేమిరా అంది. నలుగురు తిరిగే బజార్లో కూర్చుని పాడితే ఏమనుకుంటారంది. నెల్లాళ్లు బతిమాలితే, షాపు తలుపు దగ్గరికి వేస్తేనే అంది.

వీరాంజనేయులు తలుపు వేసి, మైకు ఆమె ముందు పెట్టి, తను బయట అరుగుమీద కూర్చున్నాడు. ముంతాజ్ మైకుని ఎగాదిగా చూసింది. తర్వాత తల వంచుకుని, బల్లమీద గోటితో గీస్తూ, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పాట ఎత్తుకుంది. మధ్యలో రెండు చరణాలు మర్చిపోయి నవ్వింది. ఆ నవ్వు కూడా అతనికి వినపడింది.

పాటయ్యాక కాలేషా అన్నాడు: "నీ గొంతు మారిందే."

"మారదా మరి. ఎన్నేళ్లైంది నువ్విని?" అంది ముంతాజ్, మైకులోనే.

అతను ఇన్నాళ్లూ తలలో దాచుకున్న పాట ఇరవై ఏళ్ల పిల్ల గొంతుది. ఇది ముగ్గురు బిడ్డల్ని కని, ఒకణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి గొంతు. ఎక్కడో కొంచెం జీర ఉంది. ఆ జీర ఎప్పుడొచ్చిందో తనకి తెలియనే తెలియదు. మళ్లీ పాడమన్నాడు. ఆమె పాడింది.

ఉన్న వినికిడి దక్కాలంటే పేలుళ్లు మానుకోవాలని వీరాంజనేయులు చెప్పి చూశాడు. కాలేషా కూడా మానేద్దామనే అనుకున్నాడు. అంతలో అరవై ఐదులో వానలు మొహం చాటేశాయి, మరుసటేడూ అంతే. బావులన్నీ అడుగంటినై. ఇంకో నిలువు దించమని రైతులు ఇంటిమీదకొచ్చారు. గొడ్లు నోళ్లు తెరుచుకుని నిలబడితే రానని ఎట్లా చెప్పేది? ఇంట్లో మాత్రం తినడానికేముంది? చెవుల్లో గుడ్డలు కుక్కుకుని దిగాడు. ఆ రెండేళ్లలో పేల్చినన్ని బావులు అంతకుముందు ఎన్నడూ పేల్చలేదు.

అరవై ఏడు ఎండాకాలంలో ఒక శుక్రవారం వీరాంజనేయులు పక్కవాళ్లతో మాట్లాడుతూ మధ్యలో తిరిగి చూశాడు. ప్లేటు ఎప్పుడో అయిపోయి ముల్లు గీసుకుంటోంది. కాలేషా కళ్లు మూసుకుని, తలాడిస్తూ, తొడమీద తాళం వేస్తున్నాడు. వీరాంజనేయులు ముల్లు ఎత్తి, మళ్లీ మొదటికి పెట్టి, మీట ఆ చివరిదాకా తిప్పాడు. కాలేషా తాళం మారలేదు. అతను వింటున్నది వేరే ఏదో.

పై శుక్రవారం కాలేషానే హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. "చాల్లే అన్నా. డిప్పలు అదురుతున్నై గాని, పాట రావట్లా" అన్నాడు. వీరాంజనేయులు టీ తెప్పించాడు. ఇద్దరూ తాగారు.

ఆ సంగతి ముంతాజ్‌కి వారం దాకా చెప్పలేదు. చెప్పిన రోజు ఆమె వాకిట్లో మిరపకాయల ముందు కూర్చునుంది. విని, తల వంచుకుని పని చేసుకుంటా ఉండిపోయింది. కాసేపటికి ఆమె మెడ దగ్గర నరం కదలడం చూశాడు. పాడుతోంది. ఏ పాటని అడగలేదు. పీట లాక్కుని ఎదురుగా కూర్చుని, అతనూ ముచ్చికలు తీయడం మొదలుపెట్టాడు.