మిల్లు బెల్టూ, నా మేనేజరీ

ఆ రోజుల్లో మేనేజరంటే గట్టిగా అరిచేవాడని నాకో పిచ్చి నమ్మకం ఉండేది. (అందుకు తగ్గ గొంతు మాత్రం దేవుడివ్వలేదు.) డెబ్బైల్లో, డిగ్రీ అవగానే, గవర్నర్‌పేటలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కుదిరాను. మూడు నెలలు చూస్తాననీ, పనికొస్తే మేనేజరుగా ఖాయం చేస్తాననీ, లేకపోతే మా ఊరు కంకిపాడు బస్సెక్కిస్తాననీ ఓనరుగారు ముందే చెప్పేశారు. ఈలోగా మా నాన్న, మావాడు మేనేజరయ్యాడని కంకిపాడంతా చెప్పుకొచ్చారు. ఇక నేను ఏ మొహం పెట్టుకుని ఆ బస్సు దిగను?

అక్కడ హమాలీలకో మేస్త్రి ఉండేవాడు. గుబురు మీసాల వల్ల అందరికీ మీసాల మేస్త్రి. నా వయసెంతో అతని సర్వీసంత. మూడో నెల చివర్లో ఒక పొద్దున, హనుమాన్ జంక్షన్, ఏలూరు, తాడేపల్లిగూడెం వెళ్ళే లారీకి సరుకు ఎక్కించాలి. హనుమాన్ జంక్షన్‌లో ఒక రైసుమిల్లు బెల్టు తెగి ఆగిపోయిందట. కొత్త బెల్టు మధ్యాహ్నంలోగా చేరకపోతే ఆ బస్సు సంగతి చూద్దామన్నారు ఓనరుగారు. నేను ముత్యాల్లాంటి అక్షరాలతో లిస్టు రాసి, ముందు దిగే ఊరి సరుకు ముందు ఎక్కించమని హుకుం జారీ చేశాను. మేస్త్రి తల గోక్కున్నాడు.

"అది కాదు బాబూ..."

"నోరు మూసుకుని చెప్పింది చెయ్యి."

మూసుకున్నాడు. నా దర్జాకి నేనే మురిసిపోతూ, స్వయంగా లారీలో బయల్దేరాను. మేస్త్రీ, మనుషులూ వెనక సరుకు మీద ఎక్కారు. డ్రైవరు పక్కన నా వీపు వెనక ఎవరో గోనెపట్టా చుట్ట ఒకటి పెట్టారు. గతుకుల్లో కూడా దాన్ని ఆనుకుని హాయిగా కునుకు తీశాను.

హనుమాన్ జంక్షన్‌లో వెనక తలుపు దించితే ఎదురుగా తాడేపల్లిగూడెం బస్తాలు, వాటి వెనక ఏలూరు పెట్టెలు. ఇక్కడ దింపాల్సిన సరుకంతా ఆ చివర, అట్టడుగున ఉంది! మిల్లు ఆసామి గొడుగేసుకుని ఎదురుచూస్తున్నాడు. టెరిలిన్ చొక్కా విప్పేసి నేనే ఒక బస్తా భుజానికెత్తుకున్నాను. (ఎత్తుకోబోయాను అనాలి.)

"వద్దు బాబూ. తర్వాత బస్తా కింద మిమ్మల్ని వెతుక్కోవాల్సొస్తది" అన్నాడు మేస్త్రి.

ఏడుపొక్కటే తక్కువ. "ఏం చెయ్యాలో మీరే చెప్పండి మేస్త్రిగారూ" అన్నాను. ఆ మనిషిని 'గారూ' అనడం, సలహా అడగడం, రెండూ అదే మొదలు.

మేస్త్రి తాపీగా వెళ్ళి ముందు తలుపు తీసి, నా వీపు వెనకున్న గోనెపట్టా చుట్ట తెచ్చి మిల్లు ఆసామి చేతిలో పెట్టాడు.

"బెల్టు అర్జంటని తెలుసు గదండీ. అందుకని ముందే విడిగా పెట్టా. తమరు నోరు మూసుకోమన్నారు, చెప్పలేదు."

మిగతా సరుకంతా రోడ్డు మీదికి దించి మళ్ళీ ఎక్కించేసరికి పొద్దువాలింది. ఆ సంగతి మేస్త్రి ఓనరుగారికి ఏం చెప్పాడో తెలియదు గానీ, మర్నాడు నా ఉద్యోగం ఖాయమైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తర్వాత ముప్పయ్యేళ్ళు రకరకాల కుర్చీల్లో కూర్చున్నాను. ఏ పని వచ్చినా, చేసేవాళ్ళని ముందు "మీరైతే ఎలా చేస్తారండీ?" అని అడిగేవాణ్ణి. ఇంత ఓర్పుగా ఎలా అడుగుతారని కుర్ర ఆఫీసర్లు ముచ్చటపడేవారు. నేను నవ్వి ఊరుకుని కుర్చీలో వెనక్కి వాలేవాణ్ణి. ఆ కుర్చీలన్నీ మంచివే గానీ, దారి పొడుగునా మేస్త్రి నా వీపుకి పెట్టిన ఆ మిల్లు బెల్టంత సుఖంగా ఒక్కటీ ఉండలేదు.