గేటు దాటేదాకా

మాట్లాడే మనుషులు దొరుకుతారని యోగాసనాల తరగతిలో చేరిన తెలివైనవాణ్ణి నేను. ఇంతకు మించిన తెలివితక్కువ పనులు నా జీవితంలో చేయలేదా అంటే, చేసినవి కొన్ని ఉన్నాయి. కానీ వాటిని తెల్లవారుజామున లేచి, కడుపు మాడ్చుకుని మరీ చేయలేదు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నాకక్కడ గుమాస్తా పని దొరికింది. ఆఫీసంటే డేరా. గాలి వస్తే ఫైళ్ళు ఎగిరేవి, రాకపోతే మేము ఉడికేవాళ్ళం. డేరాలో నాతోపాటు ముగ్గురుండేవారు. ముగ్గురూ కోస్తావాళ్ళు, మద్రాసులో కలిసి పనిచేసి వచ్చినవాళ్ళు. చెడ్డవాళ్ళేం కాదు. చేరిన రోజు నేను "ఫైలు ఈడ్నే ఉండాది సార్" అన్నాను. ఒకాయన ముచ్చటపడి ఆ మాటను నా చేత మళ్ళీ మళ్ళీ అనిపించాడు, చిలక చేత పలికించినట్టు. మరునాటి నుంచి ఫైలు తీసుకెళ్ళి ఆయన చేతికే ఇచ్చేవాణ్ణి. చేతితో పోయేదానికి నోరెందుకని.

ఊళ్ళో గదులు దొరకని రోజులవి. ఒక ఇంటి వెనక ఎద్దుల కొట్టానికి తలుపు పెట్టి నాకిచ్చారు. ఇంటివాళ్ళు ముందు వాకిలి నుంచి తిరిగేవాళ్ళు, నేను వెనక సందులోంచి. హోటల్లోనైనా నోరు విప్పే పని ఉండేది కాదు. నేను కూర్చోగానే ఉగ్గాని, బజ్జీ వచ్చి ముందు పడేవి. కొన్ని ఆదివారాలు పొద్దుగుంకే వేళకు గొంతు సవరించుకుంటే, అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చేది.

కడప జిల్లాలో మా కమలాపురం దిక్కున కొత్త మనిషి కనిపిస్తే అరుగు మీద ఉన్నవాళ్ళు ఊరకుండరు. "యా ఊరప్పా నీది?" అంటారు. ఊరు చెబితే ఎవరింటివాడివంటారు. ఇల్లు చెబితే చుట్టరికం తేలుతుంది, తేలకపోతే తేల్చేదాకా కదలనివ్వరు. చిన్నప్పుడు ఆ ప్రశ్నంటే నాకు చెడ్డ విసుగు. కర్నూల్లో ఆర్నెల్లున్నా ఆ ప్రశ్న నన్ను ఒక్కరూ అడగలేదు. రాజధాని కదా, అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. ఎవరు ఎవర్నని అడుగుతారు?

అలాంటప్పుడు ఒక బడి గోడ మీద కాగితం కనిపించింది. ఆ బడిలోనే కొత్తవారికి యోగాసనాలు నేర్పుతారట. పొద్దున్నే ఐదున్నరకట. ఖాళీ కడుపుతో రావాలట. ఎవరి పరుపు వాళ్ళు తెచ్చుకోవాలట, ఉన్నిదైతే మరీ మంచిదట. నాకు ఆసనాల మీద ఆశ లేదు. పదిమంది ఒకచోట చేరితే అందులో ఒక్కడైనా అడగకపోతాడా అనే ఆశ తప్ప.

మొదటి రోజే తెలిసింది. నేర్పేది ఒక రిటైరైన డ్రిల్లు మేష్టారు. ఆయన నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిపెట్టిన నియమం ఒకటే: గేటు లోపలికి వచ్చింది మొదలు గేటు దాటేదాకా ఎవరూ మాట్లాడరాదు. మాటలో ప్రాణశక్తి కారిపోతుందని ఆయన నమ్మకం. ఆయన లెక్కన నా దగ్గర ఆర్నెల్ల ప్రాణశక్తి పోగుపడి ఉండాలి.

గేటు దాటాకైనా మాట్లాడుకుంటారేమో అనుకున్నాను. దాటగానే ఎవరి సైకిలు వాళ్ళెక్కి పోయేవాళ్ళు, డ్యూటీకి వేళవుతుందని.

రెండో పొరపాటు కంబళి. ఉన్నిదైతే మంచిదన్నారు కదా అని మా అవ్వ ఇచ్చిన నల్ల కంబళి, ఎర్రంచుది, చుట్టగా చుట్టి భుజాన వేసుకుపోయాను. లోపల అందరూ పల్చటి జంఖానాలు పరుచుకుని ఉన్నారు. కంబళి దులిపితే మా ఊరి గొర్రెల మంద మొత్తం వచ్చి వరండాలో నిలబడినట్టయింది. పక్కవాళ్ళు మర్యాదగానే, ఒక్క మాట అనకుండా, జంఖానాలు చెరో మూరెడు జరుపుకున్నారు. అనకూడదు గదా. మేష్టారు మాత్రం అనొచ్చు. ఆయన నా పేరు అడగలేదు. ఆ రోజు నుంచి నేను కంబళప్పను.

వంగమంటే నా నడుము వంగలేదు గానీ, నేను లొంగాను. పద్మాసనంలో అందరి కాళ్ళూ పద్మాలయ్యాయి, నావి బురదగానే మిగిలాయి. మేష్టారికి నేను చాలా పనికొచ్చాను. ఏ ఆసనం ఎట్లా చేయాలో ఆయన చేసి చూపేవాడు, ఎట్లా చేయకూడదో నా చేత చేయించి చూపేవాడు. "అందరూ కంబళప్పను చూడండి" అనేవాడు. పదహారు మంది తలలు తిప్పి నన్ను చూసేవాళ్ళు. అంతమంది కళ్ళు నా మీద పడటం కర్నూల్లో అదే మొదలు. ఒక్క నోరూ విచ్చుకునేది కాదు.

నా పక్కన ఎప్పుడూ ఖాళీయే కాబట్టి, ఆలస్యంగా వచ్చే ఒక వేరుశనగ బుడ్డల వ్యాపారికి ఆ చోటే గతయ్యేది. కోడుమూరు నుంచి వచ్చి కర్నూల్లో స్థిరపడిన పెద్దాయన అని, ఆయన సంచి మీది అక్షరాలు చూసి నేనే ఊహించుకున్నాను. శవాసనంలో ఆయన గుర్రు పెట్టేవాడు. ఆ గుర్రు నాకిష్టం. మనిషి గొంతు కదా.

అట్లా నెల గడిచింది. ఒక ఆదివారం చివర్న శవాసనం వేయించారు. నాకు వచ్చిన ఆసనం అదొక్కటే. మేష్టారు మూడు చప్పట్లు కొట్టాడు. అందరూ లేచారు. నేను లేవలేదు.

ఇందులో ఎత్తుగడేం లేదు. లేస్తే కంబళి చుట్టాలి, చుడితే కొట్టంలోకి పోవాలి, పోతే సోమవారం దాకా అక్కడే. ఆదివారం డేరా కూడా ఉండదు. అది తలచుకుంటే కాళ్ళూ చేతులూ నిజంగానే లేవలేదు. కళ్ళు మూసుకుని అట్లాగే ఉండిపోయాను.

మళ్ళీ మూడు చప్పట్లు వినిపించాయి. "కంబళప్పా, లెయ్." నేను కదల్లేదు. అప్పుడు పక్కనుంచి బుడ్డల వ్యాపారి గొంతు వినిపించింది, గుర్రు కాదు, మాట.

"ఏమైందప్పా ఈయప్పకు?"

అంతే, కట్ట తెగింది. ఒకరు నా చెయ్యి పట్టి నాడి చూశారు. ఒకరు నీళ్ళన్నారు. ఇంకొకరు ఇంటికి కబురు చేద్దామన్నారు. యాడుంటాడు? తెలియదు. పేరేమి? తెలియదు. హాజరు పుస్తకం తెరిచారు. అందులో కంబళి అని రాసుందన్నారు. పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది. అప్పుడే నాకు నిజంగా భయమేసింది, పోయినవాణ్ణి నేనే అయినట్టు.

బుడ్డల వ్యాపారి కంబళి అంచు పట్టుకుని చూసినట్టున్నాడు. "ఇది మా దిక్కు నేత కాదు. ఎర్రంచు కడప దిక్కుది" అన్నాడు. తనది కల్లూరన్న ఒకాయన ఒప్పుకోలేదు, తమ ఇంట్లోనూ ఇట్లాంటిదే ఉండాదన్నాడు. కడపేనని ఒకరు, కాదని ఒకరు. నా తలకాయకు అటూ ఇటూ కూర్చుని పదహారు మంది నా ఊరి గురించి వాదించుకున్నారు. కళ్ళు తెరిచే తొందర నాకు లేకపోయింది. అంతలో ఎవరో చెంబెడు నీళ్ళు మొహాన కొట్టారు.

తెరిచాను. మేష్టారు నా మీదికి వంగి ఉన్నాడు. ఆయన గొంతులో డ్రిల్లు లేదు.

"బాగుండావా అప్పా? యా ఊరప్పా నీది?"

ఏడు నెలల నుంచి తయారుగా ఉన్న జవాబు గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచాను కూడా. ఆయన భుజం పైనుంచి నల్లబల్ల కనిపించింది.

పెదవుల మీద వేలు పెట్టుకుని, బల్ల వైపు చూపించాను. తర్వాత గేటు వైపు.

లేచి కంబళి చుట్టాను. చుట్ట వంకరగా వచ్చిందని విప్పి మళ్ళీ చుట్టాను. భుజాన వేసుకుని నడిచాను. ఆసనాల్లో ఎన్నడూ కుదరని నిదానం ఆ నడకలో కుదిరింది. వెనకే పదహారు మంది, వాళ్ళకు ముందు మేష్టారు, చెప్పులైనా వేసుకోకుండా. గేటు తీసి ఒక కాలు బయట పెట్టాను. కాస్త ఆలోచించి రెండోదీ పెట్టాను. వెనక్కి తిరిగాను. లోపల అందరూ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఎదురుచూస్తూ.

గొంతు సవరించుకున్నాను. అప్పుడు చెప్పాను, మా ముత్తాత దగ్గర్నుంచి మొదలుపెట్టి.