మూడేళ్ళు అమ్మమన్నదాన్ని, ఆ రోజు వద్దన్నాను

2023 వేసవి. కోయంబత్తూరులో పీళమేడు దగ్గర ఒక మందుల షాపు మేడ మీద నా ఆఫీసు. ఒక బ్రోకింగ్ కంపెనీకి ఈ పక్క ఏజెంటుని నేను. అంటే షేర్లు కొనాలన్నా అమ్మాలన్నా క్లయింట్లు నాకు ఫోన్ చేసి చెబుతారు, నేను ఆ ఆర్డరు మార్కెట్టులో పెడతాను. మ్యూచువల్ ఫండ్లు కూడా చూస్తాను. క్లయింట్లలో సగానికి పైగా డాక్టర్లు, నర్సులు, ల్యాబులు నడిపేవాళ్ళు. చుట్టూ ఇన్ని ఆసుపత్రులుంటే ఇంకెవరొస్తారు? ఇంట్లో మా మాట తెలుగే గాని బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక మా అత్తగారి దగ్గర దిద్దుకున్నాను, కాబట్టి ఈ రాతలో తప్పులు దొర్లితే ఆవిడ ఖాతాలో వేయండి.

డాక్టర్ల డబ్బు చూడటం అంత సుఖమైన పనేం కాదు. రోగాన్ని పట్టినట్టే కంపెనీని కూడా పట్టేయగలమని చాలామందికి నమ్మకం. ఇద్దరు పేషంట్ల మధ్య కాఫీ తాగే సందులో ఎవరో చెప్పిన షేరు కొంటారు. ఆ తర్వాత ఆరు నెలలు దాని మొహం చూడరు. ఇలా కంపెనీల్ని ఏరి కొనడాన్ని మా వృత్తిలో యాక్టివ్ ఇన్వెస్టింగ్ అంటారు. అది తప్పని నేననను, కాని దానికి తీరిగ్గా కూర్చుని చదవాలి, కనిపెట్టుకుని ఉండాలి. రెండోది పాసివ్. మార్కెట్టు సూచీలో ఉన్న కంపెనీలన్నిటినీ వాటి వాటి పాళ్ళలో కొని ఊరుకునే ఇండెక్స్ ఫండులో నెలనెలా కొంత వేసి, మన పని మనం చూసుకోవడం. అందులో ఏరేవాడంటూ ఎవడూ లేడు, అందుకే ఖర్చు తక్కువ. నాకొచ్చే కమీషనూ తక్కువే, అది కూడా దాచకుండా చెబుతున్నాను.

డాక్టర్ రేణుక ఊపిరితిత్తుల డాక్టరు. అది ఆవిడ అసలు పేరు కాదు. పుట్టింది తిరుమంగళం, మెట్టింది ఇక్కడ. సూలూరు పక్క మిల్లులవాళ్ళు, ఓనర్లూ పనివాళ్ళూ కూడా, దగ్గో ఆయాసమో వస్తే ఆవిడ దగ్గరికే వస్తారు. మంచి డాక్టరని ఒక కారణం, మన భాషలో బాధ చెప్పుకోవచ్చని ఇంకో కారణం. అలా వచ్చే వాళ్ళలో ఒక నూలు మిల్లు ఓనరు ఉండేవాడు. చిన్నదే అయినా స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీ. చుట్టరికం ఏమీ లేదు గాని ఆవిడ ఆయన్ని మామా అని పిలిచేది. ఆయన చేతికి బీపీ పట్టీ కట్టించుకుంటూ కొత్త మిషన్ల సంగతి, పై దేశాల ఆర్డర్ల సంగతి చెప్పేవాడు. ఈవిడ విని, మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి ఇంకొన్ని షేర్లు కొనమనేది. అలా అలా ఆవిడ దాచుకున్నదాంట్లో ముప్పాతిక భాగం ఆ ఒక్క మిల్లులోనే చేరింది.

నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఫోనులో చెప్పాను, మెయిల్లో రాశాను, ఒకసారి పెళ్ళి పందిట్లో ఆకు ముందు కూర్చోబెట్టుకుని కూడా చెప్పాను.

"బ్యాలెన్సు షీటు చదివేదానికి నాకు టైము యాడుందక్కా? నేను మనిషిని చూసి కొంటాను. మామని ఇన్నేండ్లుగా చూస్తావుండాను కదా. కండిప్పా మోసం చేసే మనిషి కాదు, ఖాయంగా చెప్తావుండాను" అంది పాయసం జుర్రుకుంటూ.

"మనిషి మంచోడే డాక్టరమ్మా. మంచోళ్ళ మిల్లులు మునగవా ఏమి?"

"మీరు ఎప్పుడూ ఇంతే. నోరు తెరిస్తే అపశకునం" అని నవ్వేసింది. మూడేళ్ళు ఇదే తంతు.

ఆ వేసవిలో ఆవిడ క్లినిక్కు ఉన్న భవనం అమ్మకానికొచ్చింది. రోడ్డు మీదికి తెరుచుకునే కింది అంతస్తు. ఆయాసంతో వచ్చేవాళ్ళు ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కర్లేదు. ఇన్నేళ్ళూ అద్దెకుంది కాబట్టి ముందు ఆవిడనే అడిగారు, నెలాఖరులోగా అడ్వాన్సు కడితే మీకే అన్నారు. కట్టకపోతే బయటివాళ్ళకి. ఆ అడ్వాన్సంతా మిల్లు షేర్లలోంచే రావాలి. పోనీలే, ఈ సాకుతోనైనా అమ్ముతుంది కదా అనుకున్నాను. విడతలవారీగా ఎలా అమ్మాలో కూడా రాసి పంపాను. చూస్తాలే అంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ వచ్చింది. గొంతు ఎప్పటిలా లేదు.

"అక్కా, ఆ మిల్లు షేర్లన్నీ అమ్మేయండి. ఈ పొద్దే. ఒకటి కూడా మిగలకూడదు."

నాకు సంతోషం పట్టలేదు. "ఏమి డాక్టరమ్మా, ఈ రోజు సూర్యుడు పడమట పొడిచినాడా? అడ్వాన్సుకి టైముందే. చిన్న కంపెనీ, కొనేవాండ్లు తక్కువ. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే ధర పడిపోతాది. నాలుగు రోజుల్లో కొంచెం కొంచెంగా అమ్ముదాము."

"నాలుగు రోజులు కుదరదు. ధర పడినా పరవాలేదు. మీకి తెలీదక్కా, పొద్దున ఒక స్కాన్ చూసి..."

ఫోన్ పెట్టేశాను. ఇన్నేళ్ళ వృత్తిలో క్లయింటు మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి.

ఎందుకంటే మా ఫోన్లో ఆర్డరు మాటలన్నీ రికార్డవుతాయి, అది నిబంధన. ఆవిడ నోటి నుంచి ఇంకొక్క మాట వస్తే అందులో పేరు ఉండేది. చెప్పకపోయినా అది మిల్లాయన స్కానేనని నాకు అర్థమైపోయింది. ఆ మిల్లంతా ఆ ఒక్క మనిషి. అప్పు ఇచ్చే బ్యాంకులూ, నూలు కొనే పార్టీలూ ఆయన మొహం చూసి నడిచేవాళ్ళు. ఆయనకేదో అయిందని బయటికి తెలిస్తే షేరు నిలబడదు. బయటివాళ్ళకి తెలియని అలాంటి సంగతి ముందుగా తెలుసుకుని షేర్లు కొనడమో అమ్మడమో చేస్తే దాన్ని ఇన్‌సైడర్ ట్రేడింగ్ అంటారు. నేరం. పైగా ఇది ఒక పేషంటు డాక్టరుని నమ్మి చేతిలో పెట్టిన సంగతి.

స్కూటరు తీసి క్లినిక్కుకి పోయాను. మార్కెట్టు మూడున్నరకి మూస్తారు. బయట పేషంట్లు నిండా ఉన్నారు. నర్సు ఆపుతున్నా వినకుండా లోపలికి దూరి తలుపు వేశాను.

"ఏమిటికి ఫోన్ పెట్టేస్తిరి?" ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎవురిది, ఏమిది అని నాకు చెప్పొద్దండి. నా చెవిన వేయొద్దు. కాని ఆ షేర్లు ఈ పొద్దు అమ్మకూడదు."

"మూడేండ్లుగా అమ్ము అమ్ము అని ప్రాణం తీస్తిరే! ఇప్పుడు అమ్ముతానంటే వద్దంటారా?"

"నేను చెప్పిన కారణానికి అమ్మితే తప్పు లేదు. ఈ పొద్దు మీరు అమ్మేది దానికి కాదు."

"ఎవురికి తెలస్తాది? మీరు పంపిన మెయిళ్ళుండాయి కదా. పోయిన వారమే అడ్వాన్సుకి అమ్మమని రాసినారు. ఎవురన్నా అడిగితే అవి చూపిస్తాము."

స్కూటరు మీద వస్తూ నేనూ అదే ఆలోచించాను. ఆ మెయిళ్ళు చూస్తే ఏ అధికారీ వేలెత్తి చూపలేడు. అంత మంచి సాకు కావాలన్నా దొరకదు. ఆవిడకి క్లినిక్కు దక్కుతుంది, నాకు మంచి పేరు దక్కుతుంది. ఆ ఆలోచన నాకొచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, ఆ అసహ్యమంతా కోపంగా ఆవిడ మీదికే తన్నుకొచ్చింది.

"నా మెయిళ్ళు నీ తప్పుని కప్పే దుప్పటి కాదు డాక్టరమ్మా!" అన్నాను. మర్యాద కూడా మరిచిపోయాను. "నీ ఫోన్లో యాప్ ఉండాది. అమ్ముకో. నేను ఆపలేను. కాని ఒక్క మాట. బయట కూర్చున్నారే, వాండ్లంతా నీ ముందు చొక్కా విప్పి పడుకుంటారు. లోపల ఏముందో చూసి నువ్వు ముందుగా షేర్లు అమ్ముకుంటావని తెలిస్తే, రేపు ఎవుడు విప్పుతాడు?"

ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుంది. వేలు దాని మీదే ఉంది. నా వైపు చూడకుండా, "మీరు బయటికి పోండక్కా" అంది. పోయాను.

ఆఫీసులో నా కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆవిడ యాప్‌లో అమ్మినా ఆ ఖాతా మా కంపెనీలోదే, నా తెర మీద కనిపిస్తుంది. తెర మార్చి మార్చి చూస్తున్నాను. అరగంట ఇంత పొడుగుంటుందని నాకు తెలియదు. మార్కెట్టు మూశాక ఇంకోసారి చూశాను. షేర్లన్నీ అలాగే ఉన్నాయి.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ తర్వాత రోజులే కష్టం. ఏమీ తెలియని మార్కెట్టులో ఆ షేరు ఇంకా పెరిగింది! రోజూ పొద్దున దాని ధర చూసి ఒళ్ళు మండేది. ఆవిడ నాకు ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. నెలాఖరు వచ్చింది, పోయింది. క్లినిక్కు భవనం ఒక బట్టల షాపువాళ్ళు కొనేశారు.

ఆ తర్వాతి నెలలో కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజికి తెలియజేసింది. ఓనరు అనారోగ్యం వల్ల బాధ్యతల నుంచి తప్పుకుంటున్నారని, కొడుకు చూసుకుంటాడని. ఇక ఆవిడ అమ్ముకోవచ్చు, అందరికీ తెలిసిన సంగతే. కాని కొనేవాడేడీ? ఒక రోజులో షేరు ఇంతకంటే పడకూడదని ఒక గీత ఉంటుంది, లోయర్ సర్క్యూట్ అంటాం. పొద్దున మార్కెట్టు తెరవగానే ఆ గీత దగ్గరికి పడిపోయేది, అమ్మేవాళ్ళంతా వరసలో, కొనేవాళ్ళు ఒక్కరూ లేరు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చివరికి అమ్ముడయ్యేసరికి ఆవిడ సొమ్ము సగం కూడా మిగల్లేదు.

ఆ రోజు ఆవిడే మా ఆఫీసుకొచ్చింది. ఏమంటుందో అని నాకు భయం. కూర్చుని మంచినీళ్ళు తాగి, ఆయనే నలుగురికీ చెప్పేసుకున్నాడు కాబట్టి ఇక చెప్పొచ్చంటూ మొదలుపెట్టింది.

"మామా, ఇంట్లో చెప్పండి, కంపెనీలో చెప్పండి అని వచ్చినప్పుడల్లా చెప్తావుంటిని. డాక్టరుగా చెప్పాల్సిందే. కాని ఆయన మేలుకి చెప్తావుండానా, నా షేర్లు అమ్ముకునేదానికి చెప్తావుండానా, నాకే తెలీలేదక్కా. ఒక రోజు ఆయనే అడిగినాడు, మా మిల్లు షేర్లు అమ్మేసినావా తల్లీ అని. లేదు మామా అంటిని. నమ్మలేదు. ఫోన్ తీసి చూపిస్తిని. చూసి నా చెయ్యి పట్టుకుని ఏడ్చినాడు. ఆ వారమే కొడుకుని పిలిచి చెప్పినాడు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం ఏడవలేదు.

"ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడు సిగ్గుతో చచ్చిపోతిని. స్కాన్ చూసినప్పుడు నాకి ముందు మామ గుర్తుకి రాలేదక్కా. షేరు గుర్తుకొచ్చింది."

మిగిలినదంతా ఇండెక్స్ ఫండులో పెట్టించింది. తన ఊరి కంపెనీ ఏదీ వద్దు, ఎవరు ఏం చెప్పినా విననంది. ఇప్పుడు క్లినిక్కు పక్క వీధిలో, మొదటి అంతస్తులో. లిఫ్టు లేదు. పేషంట్లు మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుని ఎక్కుతారు. ఆ మెట్లెక్కినప్పుడల్లా అనుకుంటాను, ఆ రోజు నేను ఫోన్ పెట్టేయకపోతే ఈ మెట్లుండేవి కావు. మిల్లాయన వైద్యం మీద ఉన్నాడు, ఆవిడ దగ్గరికే వస్తాడు.

తీరిక లేనివాళ్ళకి పాసివ్ మంచిది, ఖర్చు తక్కువ, గుండె నిబ్బరంగా ఉంటుంది అని డాక్టర్లకి ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను. అన్నీ నిజాలే. అసలు కారణం మాత్రం నాకూ తెలియలేదు. అది ఆవిడే చెప్పింది, మొన్న నా దగ్గుకి మందు రాస్తూ.

"ఇప్పుడు మిల్లువాండ్లు ఎవురన్నా వచ్చి దగ్గితే, నాకి దగ్గే వినపడతాదక్కా."