సుధ గీసిన కన్ను

పోయిన నెల రామ్మోహన్ అంకుల్ పెద్దకర్మ నాడు, మడత కుర్చీలు తేవడానికి ఇల్లినాయిలోని నేపర్‌విల్‌లో ఆయన కూతురు సుధ ఇంటి బేస్‌మెంట్‌లోకి దిగాను. చెమ్మగిల్లిన కార్పెట్ వాసన, డ్రయ్యర్‌లో తిరుగుతున్న దుప్పట్ల వెచ్చటి వాసన, పై నుంచి దిగివస్తున్న ఇంగువ పోపు ఘాటు, మూడూ కలిసి ముక్కుకు తగిలేసరికి మెట్ల మీదే ఆగిపోయాను. పదహారేళ్ళ వయసులో ఆయనకు చెప్పవలసిన ఒక మాట నేను చెప్పలేదు. చెప్పకుండానే ఆయనను సాగనంపాను. ఆ సంగతి ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మా రెండు కుటుంబాలూ తూర్పు తీరంలోని ఐసెలిన్ అనే ఊళ్ళో ఉండేవి. ఓక్ ట్రీ రోడ్డులో మన సరుకుల కొట్లు ఇంకా ఒకటీ అరా ఉన్న రోజులవి, కరివేపాకు దొరికిన వారం పండగలాగే ఉండేది. శనివారం వస్తే ఎవరో ఒకరి ఇంటి ముందు మంచులో కార్లు బారులు తీరేవి, పడకగది మంచం మీద తడి కోట్లు గుట్టగా పడేవి, ఆంటీలు రేకు ట్రేలలో పులిహోర, పెరుగు వడలు మోసుకొచ్చేవారు, అంకుల్‌లు పేక ముక్కలు కలుపుతూ పిల్లల మార్కులు ఒకరినొకరు అడిగి తెలుసుకునేవారు. పిల్లలం మాత్రం కింద బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం.

సుధా నేనూ హైస్కూల్లో ఒకే కెమిస్ట్రీ క్లాసు. ఆ ఏడు ఏ అణువుకు డైపోల్ ఉంటుందో, దేనికి ఉండదో తేల్చడం నేర్పారు. అణువులో కొన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లను తమ వైపు ఎక్కువగా లాక్కుంటాయి. ఆ లాగుళ్ళన్నీ కలిపితే చివరికి ఒక వైపు మొగ్గు మిగిలితే డైపోల్ ఉన్నట్టు, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే లేనట్టు. కార్బన్ డయాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్లు సూటిగా ఎదురెదురు దిక్కులకు లాగుతాయి కనుక ఏమీ మిగలదు. నీటి అణువు వంగి ఉంటుంది కనుక మిగులుతుంది. అంతవరకు నాకు అర్థమైంది. డైక్లోరోమీథేన్ దగ్గర దెబ్బతిన్నాను. నడుమ కార్బన్, కుడి ఎడమల రెండు క్లోరిన్లు, పైనా కిందా రెండు హైడ్రోజన్లు గీసి, లేదు అని రాసేశాను.

అది దసరా. సుధ వాళ్ళింట్లో బొమ్మల కొలువు పెట్టారు. గుగ్గిళ్ళకు నానబెట్టిన శనగలు, నాలుగు ద్రాక్షపళ్ళు, ఒక ఉడికిన బంగాళాదుంప ముక్క, గుప్పెడు టూత్‌పిక్‌లు ప్లేటులో పెట్టుకుని సుధ కిందికి వచ్చింది. దుంప ముక్కకు నాలుగు పుల్లలు ఒకే చదునులో కాకుండా ఒకదానికొకటి ఎడంగా గుచ్చి, రెండింటికి క్లోరిన్లుగా ద్రాక్షలు, రెండింటికి హైడ్రోజన్లుగా శనగలు తగిలించింది.

"నువ్ పేపర్ మీదే చూస్తున్నావ్ వాసూ. పేపర్ మీద ఎవరుంటారు, డమ్మీ?"

"ఎక్కడ చూసినా అదే కదా?"

"కాదు. నా సైడ్‌కి రా ముందు."

వెళ్ళి చూశాను. ఎలా తిప్పినా ఏ రెండు పుల్లలూ సరిగ్గా ఎదురెదురుగా లేవు. ద్రాక్షలు రెండూ ఎప్పుడూ ఒక పక్కనే ఉన్నాయి. మొగ్గు ఎలాగూ మిగులుతుంది. నాకు అర్థమైందని తెలియగానే సుధ రెండు క్లోరిన్లనూ నోట్లో వేసుకుంది. అణువును ఏ వైపు నుంచి చూడాలో గుర్తుకోసం, బొమ్మ పక్కన రెప్పవెంట్రుకలతో సహా చిన్న కన్ను గీయడం ఆమె అలవాటు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అంకుల్ మా నాన్నతో, "మీవాడు మా సుధకు కెమిస్ట్రీ బాగా చెబుతున్నాడటగా" అన్నారు. మగపిల్లాడే చెబుతుంటాడని ఆయన అనుకున్నారు. నాన్న నా వైపు తిరిగి, "ఏరా, చెబుతున్నావా?" అన్నారు. ఊఁ అన్నాను. సుధ నవ్వి, "థాంక్యూ సార్" అని దండం పెట్టింది. అప్పటికి అది మా ఇద్దరికీ ఆటే.

కొన్ని వారాలకు ఇంటి దగ్గర రాసి తెమ్మని టీచర్ ఒక టెస్ట్ ఇచ్చారు. నేను ఆదివారం దాకా ముట్టుకోలేదు. సరిచూసుకుంటానని సుధది అడిగి తీసుకుని, మొత్తం దించేశాను. తొందరలో ఆ కన్ను కూడా దించాను, రెప్పవెంట్రుకలతో సహా.

టీచర్ ఇద్దరి నాన్నలనూ పిలిపించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఈ కన్ను ఎవరిదని అడిగారు. సుధ తనదేనంది. మా నాన్న మర్యాదగా, ప్రతి శనివారం మావాడే ఆ అమ్మాయికి చెబుతాడని ఇంగ్లీషులో చెప్పారు. ఆయనకు తెలిసింది అదే. అంకుల్ ముఖం నల్లబడింది.

"నాన్నా, నేనే గీశాను. నిజంగా."

"ఊరుకోమ్మా. ఇంకా పరువు తియ్యకు."

సుధ నా వైపు చూసింది. నేను గోడ మీది మూలకాల పట్టిక చదువుతూ నిలబడ్డాను. అంకుల్ కూతురి తరఫున టీచర్‌కు సారీ చెప్పారు.

ఆ వేసవిలో యూనివర్సిటీ సైన్స్ క్యాంపుకు సుధను పంపాలనుకున్న టీచర్, నన్ను పంపారు. నేను వెళ్ళాను. ఆ తర్వాత శనివారాల్లో సుధ కిందికి రావడం మానేసి పైన ఆంటీలకు ప్లేట్లు అందించేది. కెమిస్ట్రీ మళ్ళీ తీసుకోలేదు. మరుసటి ఏడు వాళ్ళు ఇల్లినాయి వెళ్ళిపోయారు.

ఆ శనివారాలు ఇప్పుడు లేవు. ఐసెలిన్‌లో మా ఇళ్ళు రెండూ చేతులు మారాయి, పేకాడినవాళ్ళలో మా నాన్నతో సహా చాలామంది పోయారు. పెద్దకర్మ భోజనాల దగ్గర కాలేజీ చదువుతున్న సుధ కొడుకు తాతగారిని తలుచుకుంటూ, "తాతయ్య ఎప్పుడూ ఒకటే అనేవాడు, హోంవర్క్ సొంతంగా చెయ్యి, మీ అమ్మలా చెయ్యకు అని" అన్నాడు. పక్కనే కూర్చున్న సుధ వాళ్ళమ్మతో సహా అందరూ నవ్వారు. వడ్డిస్తున్న సుధ కూడా నవ్వింది, అలవాటైపోయిన నవ్వు.

నేను విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాను.

"బాబూ, ఆ టెస్ట్ మీ అమ్మ సొంతంగానే రాసింది. చూసి రాసింది నేను. తనకు నేనెప్పుడూ ఏమీ చెప్పలేదు, నాకే తను చెప్పేది. ఆంటీ, ఇది అంకుల్ ఉండగా చెప్పాల్సింది, భయపడ్డాను. సుధా, నీ క్యాంపు పోయింది, మీ నాన్న దగ్గర నీ మాట పోయింది. రెండూ నా వల్లే. నన్ను క్షమించు."